అభిరుచి యను క్రొత్త కులము

"పాపము, ఆ ఫ్యాక్టరీ యజమాని! నాటకములు చూచి చూచి తుదకెట్లో మనుష్యుడయ్యెను" అని మా మిత్రులొకరు నిట్టూర్చి కుర్చీలోనుండి లేచిరి. మా యింటి ముందుగదిలో నలుగురము కూర్చుండి ఒక ఫ్రెంచి చలచ్చిత్రమును అప్పుడే చూచి ముగించియుంటిమి. ఈ మిత్రులు పట్టభద్రులు, సంగీతజ్ఞులు, కులభేదములు నశింపవలెనని సభలలో గొంతెత్తి చెప్పువారు. అట్టివారి నోట నీ మాట వచ్చినది. తక్కిన యిరువురును తలలూపిరి. మేమును ఊపబోయి ఆగితిమి. ఎందుల కాగితిమో చెప్పుటకే యీ వ్యాసము. కొంత పరుషముగా నుండిన చదువరులు మన్నింతురుగాక. పరుషవాక్యములలో సగము మమ్మునుగూర్చినవే.

ఆ చిత్రము పేరు 'ల గూ దెజోత్ర్'. 2000 సంవత్సరము మార్చి నెలలో ఫ్రాన్సున విడుదలయైనది. ఆన్యెస్ జావుయీ యను నటీమణి దర్శకత్వము వహించిన మొదటి చిత్రమిది. కథను ఆమెయు, 2021లో గతించిన జాఁ పియేర్ బాక్రీయు కలసి వ్రాసిరి. ఇరువురును దానిలో వేషములును వేసిరి. 2001లో సెజార్ బహుమానములందు ఉత్తమ చిత్రమనియు, ఉత్తమ రచనయనియు దీనికి పేరు వచ్చినది. స్వదేశమున 30 లక్షలకు పైగా జనులు టిక్కెట్లు కొని చూచిరి. కత్తిపోట్లు లేవు, హత్యలు లేవు, అడవులలో పరుగులు లేవు. పదిమంది మనుష్యులు ఒకరి రుచి నొకరు భరింపలేక పడు పాట్లు తప్ప వేరు కథ లేదు. అయినను లక్షల జనులు చూచిరన్నచో ఆ పాట్లు అందరి యిండ్లలోను ఉన్నవేయని యర్థము.

పేరును తెలిగింపబోయినచో సంస్కృతము చదివినవానికి ఒక ముచ్చట కనబడును. 'అన్యుల రుచి' యన్నచో ఆ షష్ఠికి రెండర్థములు. కర్తయందు షష్ఠి యన్నచో అన్యులకు గల రుచి. కర్మయందన్నచో అన్యులయందు మనకు గల రుచి. ఫ్రెంచి మాటలోను సరిగా నీ రెండర్థములే యున్నవి. చిత్రమంతయు ఈ రెండింటి నడుమ నడచుచున్నది. ఇతరుల రుచిని తప్పుపట్టుట సుళువు. ఇతరులే రుచించుట దుర్లభము. మా మిత్రులు మొదటి యర్థముతోనే సినిమా చూచిరని మా యభియోగము.

కథ సేన్ నది యొడ్డునగల రువాన్ పట్టణమున జరుగును. కొర్నేయ్ మహాకవి పుట్టిన యూరది. షావుకార్ల మందబుద్ధిని గేలిచేయుటలో అందెవేసిన చేయియగు ఫ్లోబేర్ పుట్టినదియు అదియే. అచ్చట కాస్తెల్లా యను కర్మాగారాధిపతి కలడు. ధనము మెండు, చదువు కొంచెము, మీసము దట్టము. ఇరాను దేశీయులతో పెద్ద బేరమొకటి సాగుచున్నది. అది తెమలువరకు అంగరక్షకుని వెంట బెట్టుకొని తిరుగవలసి వచ్చినది, ఇంగ్లీషు నేర్వవలసియు వచ్చినది. నేర్పుటకు క్లారా యను నలువదియేండ్ల యుపాధ్యాయిని వచ్చును. కాస్తెల్లా ఆమె మొగమైన సరిగా చూడక పంపివేయును. తరువాత, మేనకోడలు చిన్న వేషము వేయుచున్నదని, నాటకశాలకు పోక తప్పదు. పద్యములలో నున్నదని తెలియగనే ఇంకేమున్నదని విసుగుకొనును. కొంతసేపటికి ఆ విసుగు ఎటు పోయినదో పోవును. రంగముపై బెరెనీస్ రాణియై దుఃఖించుచున్నది తాను పంపివేసిన ఆ యుపాధ్యాయినియే!

ఆ నాటకమేదో యూరక ఎన్నుకొనినది కాదు. రసీన్ కవి వ్రాసిన 'బెరెనీస్'లో టైటస్ చక్రవర్తి ఆమెను ప్రేమించియు పంపివేయును. పరదేశపు రాణిని రోము నగరము ఒప్పుకొనదు గనుక. క్లారాకును ఒక రోము నగరము కలదు. ఆంత్వాన్, బెన్వా మొదలగు నటులు, చిత్రకారులు, వారి చెలికాండ్రు రాత్రివేళ కూడు బల్లయే ఆ నగరము. అచ్చటికి వచ్చిన పరదేశీయుడు కాస్తెల్లా.

మరియొక ముచ్చట కలదు. 'బెరెనీస్' మొదట ప్రదర్శింపబడినది 1670 నవంబరులో. దానికొక నెల ముందే, అక్టోబరులో, షాంబోర్ కోటలో రాజుగారి యెదుట మోలియేర్ తన 'బుర్జువా జాంతియోమ్' నాడెను. అందలి జూర్డేను బట్టల వర్తకుని కొడుకు. పెద్దమనిషి కావలెనని సంగీతమునకొక గురువును, నాట్యమునకొక గురువును, కత్తిసామునకొకని, తత్త్వశాస్త్రమునకొకని పెట్టుకొనును. గురువులందరును డబ్బు గుంజుకొని వెనుక నవ్వుకొందురు. సభ యంతయు నవ్వినది. లోకము నేటికిని నవ్వుచున్నది. జావుయీ, బాక్రీలు చేసిన పని యేమనగా, 330 ఏండ్ల తరువాత ఆ జూర్డేనును తీసికొనివచ్చి ఆ యేటనే పుట్టిన 'బెరెనీస్' ఎదుట కూర్చుండబెట్టిరి. అతడు కన్నార్పక చూచెను. ఇప్పుడు నవ్వుడు చూతము!

నవ్విరి. అదియే కథ.

కాస్తెల్లా ఆ బల్లయొద్ద చేరి తనకు తోచిన మాటలు మాటాడును. వారు గంభీర నాటకములు వ్రాసినవారిని హాస్యకర్తలని నమ్మబలుకుదురు, అతడు నమ్మును, వారు ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఈ చూపును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను, దీనిని గూర్చి మరల చెప్పవలసియున్నది. కాస్తెల్లాయు పులుకడిగిన ముత్యము కాడు. పురుషులను ప్రేమించు పురుషులను గూర్చి మోటు పరిహాసమొకటి వేయును. అట్టివారు ఆ బల్లయొద్దనే యున్నారు. అది తప్పే, చిత్రమును దానిని కప్పిపుచ్చలేదు. కాని అతని తప్పు తెలియనివాని తప్పు. వారి తప్పు సర్వము తెలిసినవారి తప్పు. ఏది బరువైనదో ధర్మశాస్త్రము చదువని బాలునకైనను తెలియును.

అతడు క్లారాను ప్రేమించెను. ఆమెకు మీసములు గిట్టవని తెలిసికొని మీసము తీసివేసెను. తానే ఇంగ్లీషులో ఒక కవిత కట్టి, పాఠము పేర టీ దుకాణమున ఆమె యెదుట చదివెను. ఇంగ్లీషు పాఠములు చెప్పియే పొట్ట పోసికొను మాకు ఆ ఘట్టము చూచుట కష్టమైనది. ఏ శిష్యుడైనను మేము నేర్పిన నాలుగు ముక్కలను కూడదీసికొని ప్రాణమును వానిలో పెట్టి మాకు చూపినచో, మేము మొదట చూచునది వ్యాకరణ దోషమే గదా! క్లారా కాదన్నది. కాదనుట ఆమె హక్కు. అందులకు ఆమెను తప్పుపట్టువారము కాము. తప్పు మరియొక చోట నున్నది.

కాస్తెల్లా బెన్వా వ్రాసిన పటమొకటి కొనెను. తన కర్మాగారపు ముందుగోడమీద పెద్ద చిత్రమొకటి వ్రాయుమని పనియు నప్పగించెను. క్లారాకు మనసు నిలువలేదు. తన స్నేహితులు ఈ యమాయకుని దోచుకొనుచున్నారని తలచి, హెచ్చరించుటకు కర్మాగారమునకు పోయెను. చూడుడు, ఇది దయ. మంచిమనసుతో చేసిన పని. అతడు విని, నొచ్చుకొని, ఒక్కటే యడిగెను: నాకు నచ్చి కొంటినేమోయని మీకు ఒక్క నిమిషమైనను తోచలేదా?

తోచలేదు. క్లారాకు తోచలేదు, ఆమె మిత్రులకు తోచలేదు, మా మిత్రులకును తోచలేదు. ఇన్నాళ్లు రంగమునెక్కి మనుష్యహృదయపు లోతులను చూపిన నటికి, ఎదుటి మనుష్యునకు కన్నులున్నవని తోచలేదు. అతడు మెప్పించుటకైన కొనవలెను, మోసపోయియైన కొనవలెను. చూచి సంతోషించి కొనుట మాత్రము అతని జాతికి విధింపబడలేదు! ఇది కులము కాక మరేమి? పుట్టుకచేత వేదాధికారము లేదన్నవారిని మనము తిట్టుచున్నాము. చదువుచేత రసాధికారము లేదనువారిని మాత్రము సంస్కారవంతులని సభలలో ముందు కుర్చీలలో కూర్చుండబెట్టుచున్నాము.

ఈ మాట మా కోపమునుండి పుట్టినది కాదు. 1979లో పియేర్ బూర్ద్యూ యను ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు 'లా దిస్టింక్సియోఁ' యను పెద్ద గ్రంథము ప్రకటించెను. 1963లోను, 1967-68లోను 1,217 మందిని సంగీతము, చిత్రలేఖనము, భోజనము, ఇంటి సామాను ఏవేవి నచ్చునో యడిగి, ఆ యుత్తరములను వారి చదువుతోను తండ్రుల వృత్తితోను సరిచూచెను. 'నా రుచి నాదే' యని రొమ్ము విరుచుకొనువారి రుచి తాము పుట్టిన యింటినుండియు, చదివిన బడినుండియు వచ్చినదేయని తేలినది. పైగా, రుచి యనునది మొట్టమొదట ఇతరుల రుచియెడల రోతగా బయటపడునని ఆయన చెప్పెను. మనలోనే చూడుడు. 'మీకేమి యిష్టము?' అని యడిగినచో తడబడుదుము, 'మీకేది కిట్టదు?' అని యడిగినచో గంటసేపు ఉపన్యసింతుము.

మన యాలంకారికులు ఏమనిరో కొంచెము చూతము. కావ్యములను పలుమారు అనుశీలించుటచే అద్దమువలె తేటపడిన మనస్సు గలవాడే సహృదయుడని అభినవగుప్తపాదులు లక్షణము చెప్పిరి. అభ్యాసము కావలెననుటలో మాకు వివాదము లేదు. అది లేనిచో మా వృత్తియే లేదు. కాని ఆ తేటపడుట ఎందులకు? ఎదుటి వస్తువుతో తన్మయమగుటకు. ఎదుటివాని హృదయముతో తన హృదయము కలియుటకు. ఇరువదియేండ్లు తుడిచిన యద్దములో తన మొగమే చూచుకొని మురియువానిని సహృదయుడనవలెనని ఆచార్యులు ఎక్కడను చెప్పలేదు. ఆంత్వాన్ అద్దము మెరయుచున్నది; అందులో ఆంత్వాన్ తప్ప మరి యేమియు కనబడుట లేదు. కాస్తెల్లా యద్దమునకు దుమ్ము పట్టియున్నది. అయినను బెరెనీస్ నిలిచినప్పుడు ఆ దుమ్ములోనుండియే ఆమె ప్రతిబింబించినది.

ఇక ఆ చూపు సంగతి. కొన్నియేండ్ల క్రిందట మా యూర ధాన్యపు మిల్లు యజమాని యొకరు సాయంకాలములందు మాయొద్ద ఇంగ్లీషు నేర్చుకొనుచుండిరి. వయసున మాకంటె పెద్దవారు. అయినను మమ్ము 'మాస్టారుగారూ' యనియే పిలుచుచుండిరి. ఒకనాడు అష్టావధానము జరుగుచుండగా తామును వత్తునని మాతో వచ్చిరి. అవధానిగారు కఠినమైన సమస్యను చక్కగా పూరించినప్పుడు ఊరకుండిరి. అప్రస్తుతప్రసంగము చేయువారు చౌకబారు చమత్కారమొకటి విసరినప్పుడు 'ఆహా' యని చప్పట్లు చరచిరి. మేము ప్రక్కనున్న పండితులవంక చూచితిమి. వారు మావంక చూచిరి. పెదవి కదలలేదు. అంతే జరిగినది. మిల్లు యజమానిగారు దానిని చూచిరని మాకు తరువాత తెలిసినది. ఆ నెల జీతము గుమాస్తాచేత పంపిరి, తాము మరల రాలేదు. మా యూరి సాహిత్యసభలలో దేనిలోను వారిని అటుపిమ్మట మేము చూడలేదు. ఒక్క చూపుతో ఒక మనుష్యుని సారస్వతమునుండి వెలివేసితిమి. పంచాయతి కూర్చుండలేదు, దండన పత్రము వ్రాయలేదు. మమ్ము తప్పుపట్టినవారును ఎవ్వరును లేరు. వారు నవ్వినది చౌకబారు చమత్కారమునకే కావచ్చును. కాని వచ్చి కూర్చుండిరి, వినిరి, సంతోషించిరి. మరి రెండు మూడు సభలైన తరువాత ఆ సమస్య సొగసు వారికి పట్టువడకపోవునా? ఆ రెండు మూడు సభలను వారికి దక్కకుండ చేసినది మేము.

'అట్లైనచో రుచులన్నియు సమానములేనా? కాళిదాసును వీథిగోడమీది రాతయు ఒక్కటేనా?' అని మా మిత్రులు గద్దించిరి. కాదు. ఒక్కటనువాడు మోసగాడు, లేదా సోమరి. మంచి పద్యము మంచి పద్యమే, చెడ్డది చెడ్డదే; ఆ భేదము చెప్పుటకే మాకు జీతమిచ్చుచున్నారు. కాని రసీనును కాస్తెల్లాకు ఎవరును వ్యాఖ్యానించి చెప్పలేదు, అవమానించియు నేర్పలేదు. పద్యమే నేర్పినది. తరువాత ఆ పద్యమును కావలి కాచువారు వచ్చి, అతడు లోపలికి పోగలడా యని టిక్కెట్టు తనిఖీ చేసిరి. మేము వలదనునది ఈ కావలియే.

కాస్తెల్లాకు తెలిసిన విద్య యొకటి వారికి తెలియదు. అతని కొలువులో వెబేర్ యను యువకుడు కలడు, పెద్ద విద్యాలయమునుండి వచ్చినవాడు. చదువుకొన్నవాని మాటతీరు చూచి కాస్తెల్లా లోలోపల జంకి, ఆ జంకును మోటుతనముతో కప్పుకొని వానిని నొప్పించుచుండును. వాడు విసిగి ఉద్యోగము వదలిపెట్టుటకు సిద్ధమగును. అప్పుడు యజమాని తన తప్పొప్పుకొని, ఉండుమని బ్రతిమాలును. బల్లయొద్ద నవ్వినవారిలో నెవరును కాస్తెల్లాను బ్రతిమాలినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఇంతవరకు చిత్రమును పొగడితిమి. ఒకచోట దానితోను పేచీ యున్నది. కాస్తెల్లా భార్య ఆంజెలీక్ ఇండ్లను అలంకరించుట వృత్తిగా గలది. గోడలకు పూలు, తెరలకు పూలు, దిండ్లకు పూలు; కుక్కపిల్లయందున్న దయ మనుష్యులయందు లేదు. ఆడుబిడ్డ క్రొత్తగా కాపురమునకు వచ్చిన యింటినిగూడ ఆమె యొప్పినను ఒప్పకున్నను తన పూలతోనే నింపబోవును. భర్త ముచ్చటపడి కొన్న పటమును గోడనుండి తీయించును. అతడు ఇల్లు విడిచి పోవును. ప్రేక్షకులు ఆమెను చూచి నవ్వుదురు. మా ముందుగదిలోను నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆలోచింపగా మాకు తోచినదేమనగా, ఆమెయు ఒక కాస్తెల్లాయే. ఆమెకును తనకు నచ్చినది నచ్చినది. పురుషుని మోటు రుచికి వికాసమిచ్చి, కన్నీరిచ్చి, తుదకు నాటకశాలలో చోటిచ్చిన రచయితలు స్త్రీ మోటు రుచికి కుక్కపిల్లను మాత్రమిచ్చి వదలిరి. ఆమె పూలను చూచి ఎవరును 'ఇవి ఈమెకు నిజముగా నచ్చినవేమో' యని యడుగలేదు. క్లారా చేసిన తప్పునే చిత్రము ఆమెయెడ చేసినది. స్త్రీ దర్శకత్వము వహించిన చిత్రమగుటచే మాకిది మరింత వింతగా తోచినది.

కాస్తెల్లా కారు నడుపు బ్రూనో, అంగరక్షకుడు ఫ్రాంక్ అను ఇరువురు సేవకులును, పానశాలలో కొలువు చేయు మానీ యను యువతియు ఈ కథలో మరియొక త్రాడు పేనుదురు. ఫ్రాంక్ పూర్వము పోలీసు. మానీ చాటుగా గంజాయి సరుకు అమ్మును. ఒకరియందొకరికి మనసున్నను, నీ నడవడి మార్చుకొమ్మని ఇతడు, నన్ను నన్నుగా నుండనిమ్మని ఆమె, ఇరువురును విడిపోవుదురు. ఇచ్చట ఎవరు తప్పనుటకు మేము సిద్ధముగా లేము. రుచిభేదమునకును నీతిభేదమునకును నడుమ గీత ఎక్కడ గీయవలెనో ఆ జంటకే తెలియలేదు. బ్రూనో సంగతి మాత్రము చెప్పవలెను. అమెరికాలోనున్న ప్రియురాలు చేయి విడిచినది. అతడు తీరిక దొరకినప్పుడెల్ల పిల్లనగ్రోవి యూదుచుండును. అదే స్వరము, అదే తడబాటు; విన్నవారికి అది పాటయో గొణుగుడో తెలియదు. చిత్రము చివర అతడు ఒక మేళములో కూర్చుండి ఆ స్వరములనే యూదును. చుట్టును తక్కిన వాద్యములు తమ తమ పాలు చేర్చగా అది ఎదీత్ పియాఫ్ పాడి ఫ్రాన్సున ఇంటింట వినబడిన పాటయని అప్పుడు తెలియును. అన్నాళ్లును అతడు సరిగానే వాయించుచుండెను. ఒంటరిగా వినుటచే మనకు తెలియలేదు.

కాస్తెల్లా చేత 'నచ్చి కొంటినేమో' యనిపించుకొని వచ్చిన తరువాత క్లారాకు నిదుర చెడినది. ప్రేమయో, పశ్చాత్తాపమో చిత్రము విప్పి చెప్పదు. ఇబ్సెన్ వ్రాసిన 'హెడ్డా గాబ్లర్'లో ఆమెయే హెడ్డా. నాటకము మొదటినాటికి రమ్మని కాస్తెల్లాకు కబురంపినది. ఆ రాత్రి ఆమె కన్నులు ప్రేక్షకులలో అతనిని వెదకును. అతని కుర్చీ ఖాళీగా నున్నది. విమర్శకులు ఉండవచ్చును, ఆంత్వాన్ ఉండవచ్చును, బల్లయొద్దివారందరు నుండవచ్చును. ఆ యొక్కని మెప్పు లేనిచో ఆనాటి యాట ఆమెకు రుచింపదు. మా మిత్రులకు మేము చెప్పినదిదియే: ఆ చిత్రములో అతడు మనుష్యుడగుట కథ కాదు, ఆమె మనుష్యురాలగుటయే కథ. నాటకము ముగిసి నటీనటులు వందనము చేయునప్పుడు అతడు చప్పట్లు చరచుచు కనబడును. ఆమె నవ్వును.

ఆ నవ్వులో సంతోషముతోపాటు కొంత సిగ్గుగూడ మాకు కనబడినది. మా మిత్రులకు కనబడలేదట. మరల చూడుమని చెప్పితిమి. వచ్చు ఆదివారము వత్తునన్నారు; ఈ మారు మిల్లు యజమానిగారినిగూడ పిలుతమని యున్నది. వారు వత్తురో రారో.